పదిహేనో పేరు

వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం. ఈ మూడింటినీ కలిపి డిగ్రీ చదవాలని ఇంటర్మీడియట్ పూర్తి కాకముందే నిశ్చయించుకున్నాను. మా ఇంట్లో ఈ మూడు పేర్లనూ తడబడకుండా పలకగలిగినదాన్ని నేనొక్కదాన్నే. బాపు మోత్కూరు మార్కెట్లో బస్తాలు మోసేవాడు. అమ్మ కూలికి వెళ్ళేది, కుంట కింద మాకున్న కాస్త పొలాన్నీ తానే చూసుకునేది. తాతల కాలంలో ఆ కాస్త కూడా మాకు లేదు. ఆదివారం ప్రార్థనలో పాస్టరు గారు నా పేరు చెప్పి, ఈ బిడ్డ డాక్టరు కావాలని దీవించేవారు. నేను కావాలనుకున్నది డాక్టరు కాదు, జీవశాస్త్రం టీచరు. ఆ మాట ఆయనతో చెప్పడానికి మొహమాటం అడ్డు వచ్చేది.

మా ఊరి ఉన్నత పాఠశాలలో నేను చదివినన్నాళ్ళూ జీవశాస్త్రం పోస్టు ఖాళీగానే ఉండింది. లెక్కల సారు వీలున్నప్పుడు వచ్చి మా చేత పాఠం గట్టిగా చదివించి వెళ్ళిపోయేవారు. పువ్వులోని భాగాల పాఠం వచ్చినప్పుడు పుస్తకంలోని ఉమ్మెత్త పువ్వు బొమ్మను చూసి అందరం గీశాం. తరగతి కిటికీ బయటనే ఉమ్మెత్త చెట్టు పూసి ఉన్నది. ఒకరు లేచి వెళ్ళి పువ్వు తెంపుకొని రావచ్చునన్న ఆలోచన సారుకూ రాలేదు, మాకూ రాలేదు. ఇంటికి వెళ్ళేటప్పుడు నేనొక్కదాన్ని తెంపి, గోటితో చీల్చి, లోపల ఏది కేసరమో ఏది కీలమో పోల్చుకోవడానికి ప్రయత్నించాను. పోల్చుకోలేకపోయాను. చెప్పేవాళ్ళు లేరు. నేను చెప్పేదాన్ని కావాలన్న కోరిక ఆ రోజు పుట్టిందో, తర్వాత పుట్టిందో కచ్చితంగా చెప్పలేను. డిగ్రీలో చేరేనాటికి మాత్రం నాకు అది తప్ప వేరే కోరిక లేదు.

రాష్ట్రం వచ్చిన తర్వాత డిగ్రీ ప్రవేశాలన్నీ ఆన్‌లైన్ అయ్యాయి. ఏ కళాశాల, ఏ గ్రూపు అన్నది కంప్యూటరులో వరుసగా నింపాలి. నేను ఒకే కళాశాల, ఒకే గ్రూపు నింపాను. మా ఊరి నుంచి బస్సులో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాగలిగిన ప్రభుత్వ కళాశాల అదొక్కటే. మరికొన్ని నింపమని నెట్ సెంటరులోని అన్న చెప్పాడు. అవసరం లేదన్నాను. సీటు వచ్చింది. బాపు మార్కెట్లో తోటివాళ్ళందరికీ చాయ్ పోయించాడు.

కళాశాల తెరిచిన మొదటి వారంలోనే జంతుశాస్త్రం సారు మా గ్రూపు వాళ్ళందరినీ ప్రయోగశాలలోకి పిలిచారు. ప్రవేశాల పని, కోర్సుల పని చూసేది ఆయనే. మేము పదకొండు మందిమి ఉన్నాం. సూక్ష్మదర్శినుల మీద కప్పిన గుడ్డలు కూడా తీయలేదు. ఆయన కూర్చోమని కూడా అనకుండా విషయం చెప్పేశారు. పదిహేను మందికి తక్కువైతే ఆ గ్రూపు ఈ ఏడు నడవదు. కళాశాల లోపలే గ్రూపు మారడానికి శనివారం సాయంత్రం దాకా గడువున్నది. ఆ లోపల పదిహేను మంది కాకపోతే మేమే వేరే గ్రూపుల్లోకి మారాలి. బీకాం కంప్యూటర్స్‌లో ఖాళీలున్నాయి, బీఏలో ఉన్నాయి.

బీకాం చదివితే జీవశాస్త్రం టీచరు కావచ్చునా అని అడిగాను. కాలేవమ్మా అన్నారు. నల్లగొండలో ఈ గ్రూపు ఉన్నది, అక్కడికి వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళండి అన్నారు. నల్లగొండకు రోజూ వెళ్ళి రావడం కుదిరే పని కాదు. హాస్టలు కోసం అడిగితే నిండిపోయిందన్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో విషయం చెప్పాను. బాపుకు నా ఏడుపు అర్థమైంది గాని, ఏడవడానికి కారణం అర్థం కాలేదు. అందులో ఆయన తప్పేమీ లేదు. డిగ్రీ అన్నది ఆయనకు ఒకే ఒక వస్తువు. దాని లోపల ఇన్ని గదులుంటాయని, ఒక గదిలోకి వెళితే ఇంకో గది తలుపు మూసుకుపోతుందని ఆయనకు చెప్పినవాళ్ళు లేరు.

"డిగ్రీ అంటే డిగ్రీయే గద బిడ్డా," అన్నాడు. "గా కంప్యూటరుది చేస్తే ఏమైతది? నీడకు కూసునే పని."

మాట్లాడితే ఆయన మోస్తున్న ఎండ గురించి మాట్లాడవలసి వస్తుంది.

మరునాటి నుంచి బీకాం గదిలోకి వెళ్ళి, ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివినవాళ్ళు ఎవరెవరున్నారో అడగడం మొదలుపెట్టాను. జీవశాస్త్రం చదివి దాన్ని వదిలించుకొని వచ్చినవాళ్ళు వాళ్ళు. తిరిగి రమ్మంటే నవ్వారు. బొమ్మలు గీయడానికి భయపడి వచ్చానన్నాడు ఒకబ్బాయి. నీకు గీయడం నేర్పుతానన్నాను. బీకాం గదిలో బెంచీలు చాలక అతనికి కూర్చోవడానికి చోటు కూడా దొరకనందువల్ల, నా మాటకన్నా బెంచీ మీది ఆశతోనే కావచ్చు, సరేనన్నాడు. పెదనాన్న, చిన్నాన్న బిడ్డలైన ఇద్దరమ్మాయిలు ఎక్కడికి వెళ్ళినా జంటగానే వెళ్ళేవారు. ప్రయోగాల తరగతులు సాయంత్రం దాకా ఉంటే ఆఖరి బస్సు దొరకదన్నది వాళ్ళ ఫికర్. ప్రయోగాలను పొద్దుటి పూటకు మారుస్తారా అని సారును బతిమాలి, ఆయన చేత మారుస్తాననిపించి, ఆ జంటను తెచ్చాను. పద్నాలుగు మందిమి అయ్యాం.

ఒక్కరు తక్కువ. మిగిలిన బైపీసీ వాళ్ళందరూ ఒకటికి రెండుసార్లు కాదన్నవాళ్ళే. నేను అప్పటిదాకా అడగకుండా ఉన్నది ఒక్కరినే. ఆమె నా స్నేహితురాలు.

ఆమెది మా ఊరి పక్క గూడెం. గొర్లు మేపే ఇల్లు. ఇంటర్మీడియట్ రెండేళ్ళూ ఒకే బస్సులో వెళ్ళి వచ్చాం. నాకు జీవశాస్త్రం ఎంత ఇష్టమో ఆమెకు కంప్యూటరంటే అంత ఇష్టం. ఇంటర్మీడియట్‌లో బైపీసీ ఆమె కోరుకున్నది కాదు, మా ఊరి దగ్గరి కళాశాలలో ఆడపిల్లలు ఎక్కువగా చేరేది అదేనని వాళ్ళమ్మ చేర్పించింది. ఈసారి ఎవరినీ అడగకుండా తానే కంప్యూటర్స్ నింపుకున్నది. ఆమెను అడగకుండా ఉండడానికి నా కారణం అదే. కాని శనివారం దగ్గరపడుతున్న కొద్దీ ఆ కారణం నాకు చిన్నదిగా కనిపించసాగింది.

నాట్ల కాలం అది. ఆమె తల్లి పొలంలో మరునాడు నాటు వేయించుకోవాలి, మనుషులు దొరకడం లేదని గురువారం ఆమె బస్సులో అన్నది. నేను ఆ మాటను పట్టుకున్నాను. మా వైపు చిన్న రైతుల ఇళ్ళలో నాట్లకు బదులు పోవడం ఉన్నది. ఈ రోజు మా పొలంలో నువ్వు నాటు వేస్తే రేపు నీ పొలంలో నేను వేస్తాను, అంతే, డబ్బుల మాట ఉండదు. అమ్మ గుంపులోని ఆడవాళ్ళందరూ అట్లాగే ఒకరి మడి తర్వాత ఒకరి మడి పూర్తి చేసుకునేవారు. నేను బస్సు దిగి నేరుగా వాళ్ళింటికి వెళ్ళి, రేపు మీ నాటుకు మా అమ్మా నేనూ వస్తాం, బదులుగా నీ బిడ్డను మా గ్రూపులోకి పంపమని ఆమె తల్లిని అడిగాను. ఆమె తల్లి ఒక్క నిమిషంలో ఒప్పుకున్నది. స్నేహితురాలు దడికి ఆనుకొని నిలబడి నా వైపు చూస్తూ ఉండిపోయింది.

ఇంటికి వచ్చి అమ్మతో చెప్పాను. అమ్మ నారు కట్టలు కడుతున్నది. చేతులాపింది.

"గది బదులెట్లయితది?" అన్నది. "నాటుకు నాటు, కలుపుకు కలుపు. ఒక్కనాటి నాటుకు మూడేండ్ల సదువు గుంజుకుంటవా? రేపు మడిల వంగినంక మా గుంపుల ఆడోళ్ళు నా మొకాన ఏమంటరు? ఫలానామె ఒక్క పూట నడుము వంచి ఒకామె బిడ్డను గుంజుకొచ్చిందంటరు."

"మరి నేనేం చెయ్యాలె అమ్మా?"

"నాకెర్కనా? నేను సదివిన్నా?" అన్నది. "సదువుకు సదువుంటే సూడు. లేకుంటే ఆ పిల్లను ఇడిసిపెట్టు."

ఆమె నాకు దారి చూపించాలని ఆ మాట అనలేదు. గుంపులో తన మాట పోతుందన్న కోపంతో అన్నది. పొద్దున లేచి తానొక్కతే వాళ్ళ నాటుకు వెళ్ళింది. ఆ నాటుకు బదులు నాటు మాత్రమే, వచ్చే వారం మీరు మా మడిలోకి రావాలె అని స్నేహితురాలి తల్లితో గట్టు మీదనే తేల్చి చెప్పింది. అంటే నా బేరం రద్దయిపోయింది.

శుక్రవారం పొద్దున ఇక చేయవలసింది ఏమీ లేదనుకుంటూ కళాశాలకు వెళ్ళాను. బస్సులో స్నేహితురాలు నా పక్కన కూర్చోలేదు. నేను బీకాం గదికి వెళ్ళలేదు, సారు గదికి వెళ్ళాను. మూడేళ్ళలో మేము చదవవలసిన పేపర్లన్నీ, ఏ సెమిస్టరులో ఏవి వస్తాయో, ఆయన బల్ల మీద పరిచి ఉన్నాయి. మొక్కల వైవిధ్యం, జంతువుల వైవిధ్యం, కణజీవశాస్త్రం, జన్యుశాస్త్రం, పర్యావరణం. వాటిని వరుసగా చదువుతుంటే, మూసేసిన ఇంటి ముందు నిలబడి కిటికీలోంచి లోపలి సామాను చూస్తున్నట్టు అనిపించింది. మూడో సంవత్సరం దగ్గర నా వేలు ఆగింది. అక్కడ ఒక పేపరును విద్యార్థులే ఎంచుకోవచ్చు. తమ గ్రూపులోదే కానక్కర లేదు. దానికి ఎదురుగా రెండు పేర్లున్నాయి. ఒకటి నర్సరీ మొక్కల పెంపకం. రెండోది కంప్యూటర్.

ఈ రెండింటిలో ఏది పెడతారని అడిగాను. ఎక్కువమంది ఏది కోరితే అది పెడతామన్నారు సారు. సాధారణంగా మా గ్రూపు వాళ్ళు మొక్కల పెంపకమే కోరతారట, దానిలో మార్కులు తేలికగా వస్తాయట. మా గ్రూపు మొత్తం కంప్యూటర్ కోరితే అదే పెడతారా అని మళ్ళీ అడిగాను.

"పెడతం," అన్నారు. "కాని అమ్మా, ఇయ్యాల ఉన్న పద్ధతి ఇది. మూడో సంవత్సరం దాకా ఇట్లనే ఉంటదని నేను హామీ ఇయ్యలేను. ఏటా ఏదో ఒకటి మారుస్తున్నరు."

ఆ హామీ లేనితనాన్ని కూడా ఆమెతో చెప్పాలని నిశ్చయించుకొని మధ్యాహ్నం ఆమెను సైకిల్ స్టాండు దగ్గరికి పిలిచాను. నువ్వు ఇప్పుడు మా గ్రూపులోకి వస్తే, మూడో సంవత్సరంలో మేమందరం మొక్కల పేపరు వదిలేసి నీ కోసం కంప్యూటర్ పేపరు కోరతాం, పేపరుకు పేపరే బదులు అని చెప్పాను. పద్ధతి మారిపోతే నా చేతిలో ఏమీ ఉండదని కూడా చెప్పాను.

ఆమె చివరిదాకా విన్నది. తర్వాత తాపీగా అన్నది.

"నిన్న మా అమ్మను నాటుతోని కొందామని జూసినవ్. ఇయ్యాల నన్ను పేపరుతోని కొంటున్నవ్."

"కొనుడు గాదే."

"ఒకటి జెప్తా విను. గ్రూపు పోతే నువ్వు బీకాంల చేరవ్, ఈ కాలేజిల ఉండవ్. నువ్వు లేకుంటే ఒక్కదాన్నే బస్సెక్కుడు మా అమ్మ ఒప్పుకోదు. నన్ను ఇంటికాడ కూసోబెడ్తరు. గది నీకెర్కనే. ఎర్కుండే నా దగ్గరకొచ్చినవ్."

నాకు తెలుసు. అప్పటిదాకా తెలియనట్టు ఉన్నాను. అవునన్నాను.

"ఇగ నువ్వొక్కదానివి మాటిస్తే సరా?" అన్నది. "బదులంటే ఎవల మాట ఆళ్ళే ఇయ్యాలె. పద్నాలుగు మంది ఇయ్యాలె. తోల్కరా పో."

తోలుకొచ్చాను. సైకిళ్ళ మధ్య వాళ్ళందరినీ నిలబెట్టి విషయం వివరించాను. జంట అమ్మాయిల్లో పెద్దది, కంప్యూటర్ పేపరులో ఫెయిలైతే బాధ్యత ఎవరిదని నిలదీసింది. నేర్పుతానని స్నేహితురాలే అన్నది. బొమ్మలకు భయపడిన అబ్బాయి, నాకు బొమ్మలు ఒకరు నేర్పుతారు, కంప్యూటర్ ఇంకొకరు నేర్పుతారు, నేను పరీక్షలు రాస్తే చాలు అనేసరికి అందరూ నవ్వారు. ఆమె కూడా కొద్దిగా నవ్వింది. ఒక్కొక్కరూ ఆమె ముందు నిలబడి, మాటిస్తున్న అని చెప్పి పక్కకు వెళ్ళారు. అందరికన్నా చివర నేను చెప్పాను.

శనివారం నెట్ సెంటరు ముందు చాలామంది నిలబడి ఉన్నారు. గ్రూపు మారేవాళ్ళు, కళాశాల మారేవాళ్ళు. కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. స్నేహితురాలి వివరాలన్నీ నింపి సెంటరు అన్న ఒక మీట నొక్కి, ఓటీపీ వస్తది చెప్పండి అన్నాడు. ఆమె తన ఫోను చూసుకున్నది. రాలేదు. ఆధార్‌తో జతచేసిన నంబరు ఎవరిదో చూడమన్నాడు. అది వాళ్ళ నాయినది.

వాళ్ళ నాయిన మందతో వెళ్ళి ఉన్నాడు. వానాకాలం పొలాలన్నీ పైరు కిందికి పోతే మా వైపు గొర్లకు మేతకు జాగా ఉండదు. అందుకని ఆయన తోటివాళ్ళతో కలిసి మందను పాలమూరు దిక్కు తోలుకొని పోయేవాడు. ఆ ఏడు ఆత్మకూరు అవతల కృష్ణ ఒడ్డు గుట్టల్లో ఉన్నాడు. ఫోను చేస్తే అందుబాటులో లేదని ఆడగొంతు మర్యాదగా చెప్పింది. మళ్ళీ చేశాం. మళ్ళీ అదే మర్యాద. మా వెనకవాళ్ళు విసుక్కుంటే పక్కకు తప్పుకున్నాం. సెంటరు మెట్ల మీద కూర్చొని ఆమె చేస్తూనే ఉన్నది, నేను గోడకు తగిలించిన గడియారం వైపు చూస్తూనే ఉన్నాను. నా జీవితంలో అంత నిస్సహాయంగా ఎప్పుడూ కూర్చోలేదు. పదిహేనో మనిషి దాకా కాళ్ళరిగేలా తిరిగి కూడగట్టిన నేను, ఎక్కడో ఒక గుట్ట మీద ఒక గొర్రె కాస్త ఎత్తుకు ఎక్కితే బాగుండునని, దాని వెనక ఆయనా ఎక్కితే బాగుండునని ప్రభువును వేడుకున్నాను.

చాలాసేపటికి ఆయనే ఫోను చేశాడు. ఉప్పు కోసం ఊర్లోకి వచ్చాడట. ఇన్ని మిస్డ్ కాల్స్ చూసి ఎవరో పోయారనుకొని భయపడ్డాడట. ఎవరూ పోలేదు, ఇప్పుడు ఒక నంబరు వస్తుంది, అది చదివి చెప్పమని ఆమె అన్నది. నేను పరుగెత్తుకెళ్ళి సెంటరు అన్నను బతిమాలితే ఆయన మరోసారి మీట నొక్కాడు. ఆమె ఫోను స్పీకరులో పెట్టింది.

"వచ్చింది," అన్నాడాయన. "కాని జెప్ప."

"నాయినా, నేనడుగుతున్న."

"ఎవలడిగినా జెప్పొద్దని బ్యాంకుల సారు మొన్ననే అన్నడు. బిడ్డనని ఫోన్ జేసినా జెప్పొద్దన్నడు. గొంతు మార్చి మాట్లాడ్తరంట."

సెంటరు అన్న నుదురు పట్టుకున్నాడు. ఆమె కళ్ళు తుడుచుకొని, ఎట్లా నమ్ముతావో నువ్వే చెప్పమన్నది.

"సరే, మంద తోలుకొచ్చినప్పుడు ఇంటికాడ దేన్ని ఇడిసిపెట్టిన?"

"కుంటిదాన్ని. ఈనేటట్లున్నదని ఇడిసినవ్. మంగళారం ఈనింది, రెండు పిల్లలు."

"రెండా?" అన్నాడు. "రెండూ పాలు తాగుతున్నయా?"

"తాగుతున్నయ్ నాయినా. నంబరు జెప్పు."

అప్పుడాయన నంబరు దేనికని అడిగాడు. ఆమె తడబడకుండా అంతా చెప్పింది. కంప్యూటర్ గ్రూపు వదిలి మొక్కల గ్రూపుకు మారుతున్నానని, ఎందుకు మారుతున్నదీ, దానికి బదులు ఏమి ఒప్పుకున్నదీ చెప్పింది. ఆ పిల్ల పక్కనే ఉన్నదా, ఫోనియ్యి అన్నాడు. నేను ఫోను అందుకున్నాను.

"ఏం బిడ్డా, నా బిడ్డ సదువు నీ సదువుల కలుపుకుంటున్నవట."

"అవును కాకా."

"మందలు కలుపుడు అల్కగనే ఉంటది. ఇడదీసేటప్పుడే కొట్లాటలు. ఎవల గొర్రె ఆళ్ళకు ఒప్పజెప్పాలె. ఒప్పజెప్తవా?"

"ఒప్పజెప్త."

"నవ్వుకుంట అంటలేవు గద?"

"ఏడుస్తున్న కాకా," అన్నాను. అది నిజమే.

ఆయన ఒక్కొక్క అంకె ఆగి ఆగి చదివాడు. సెంటరు అన్న నొక్కాడు. గడువు దాటిపోయిందని తెర మీద వచ్చింది. మేము మాట్లాడుకుంటున్నంతసేపూ ఆ నంబరు చచ్చిపోతూ ఉన్నది. ఇంకోటి పంపండి అన్నాను. వెనక ఉన్న ఒకతను, వీళ్ళ సంసారమంతా ఇక్కడనే ఉన్నదా అన్నాడు. ఎవరో అతన్ని ఊరుకోమన్నారు. మరో నంబరు వెళ్ళింది. ఆయన ఫోనులో చార్జింగు అయిపోతున్నదని అన్నాడు. స్నేహితురాలు, నాయినా నంబరు తప్ప ఇంకేం మాట్లాడకు అన్నది. ఆయన చదివాడు. చివరి అంకె చదివిన తర్వాత, పిల్లలకు చలి తగలకుండా జర గోనె కప్పుమని అన్నట్టు వినబడింది, అంతలో ఫోను ఆగిపోయింది. తెర మీద ఆమె పేరు, దాని పక్కన మా గ్రూపు పేరు వచ్చాయి.

బయటికి వచ్చి ఆమె మెట్ల మీద కూర్చున్నది. నేను థాంక్స్ అన్నాను. ఆ మాట ఇంగ్లీషులో చెప్పినందువల్లనేమో మరీ పొట్టిగా వినబడింది. ఆమె నా వైపు చూడలేదు.

"నడువు," అన్నది. "బస్సు పోతది."

సోమవారం మా గ్రూపు బతికి ఉన్నదని సారు చెప్పారు. సూక్ష్మదర్శినుల మీది గుడ్డలు తీశారు. నాకు కావలసింది నాకు దక్కింది. ఆమె నా పక్కనే కూర్చునేది, బొమ్మలు నాకన్నా శుభ్రంగా గీసేది, పరీక్షలన్నీ పాసయ్యేది. కాని ఉల్లిపొరలోని కణాలను నేను మొదటిసారి చూసి ఒళ్ళు మరిచిపోయిన రోజున, ఆమె వంతు వచ్చినప్పుడు ఒక కన్ను మూసి చూసి, కనిపించినయ్ అని లేచిపోయింది. రెండేళ్ళు అట్లాగే గడిచాయి. ఆ రెండేళ్ళూ తరగతిలో నా సంతోషం ఏదైనా ఆమె పక్క నుంచే వెళ్ళవలసి వచ్చేది.

మూడో సంవత్సరం పేపరు ఎంచుకునే సమయం వచ్చింది. సారు భయపడ్డట్టు పద్ధతి మారలేదు. మా మనసులే మారాయి. ఆ ఏడు వృక్షశాస్త్రానికి కొత్తగా వచ్చిన మేడం మొక్కలు అంటుకట్టడం చేయి పట్టుకొని నేర్పగల మనిషి. ఆమె దగ్గర నర్సరీ పేపరు చదవాలని నాకు ప్రాణం లాగింది. మా వాళ్ళలో చాలామంది, ఆ మాటను నీ స్నేహితురాలు మరిచిపోయి ఉంటుంది, అడిగితే వద్దంటుందా అన్నారు. జంట అమ్మాయిల్లో పెద్దది నా వంక చూసి, నువ్వు చెబితే ఆమె వదిలేస్తుంది అన్నది. నేను ఆ రోజు జవాబు చెప్పలేదు. ఆ మాటలు స్నేహితురాలి చెవిన పడి ఉంటాయని భయపడుతూనే బస్సులో ఆమె పక్కన కూర్చున్నాను.

దిగే ముందు స్నేహితురాలు కిటికీ బయటికి చూస్తూనే అన్నది.

"నువ్వు వద్దంటే నేను అడగ. కాని మరిచిపోలే."

మరునాడు నేనే మొదట కంప్యూటర్ అని రాసి ఇచ్చాను. తర్వాత ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, సైకిల్ స్టాండులో ఎవరి మాట వాళ్ళే ఇచ్చారని గుర్తు చేశాను. ఇద్దరు ముగ్గురు నన్ను తిట్టుకుంటూనే రాశారు. ఆ మేడం దగ్గర అంటుకట్టడం నేర్చుకునే అవకాశం నాకు మళ్ళీ రాలేదు.

కంప్యూటర్ ప్రయోగశాలలో మొదటి రోజు మేమంతా పుస్తకాలు ఒళ్ళో పెట్టుకొని అతిథుల్లా కూర్చున్నాం. మీటలను ముట్టుకోవడానికి కూడా నాకు చేతులు రాలేదు. పాఠం చెప్పడానికి వచ్చిన సారు మేము జీవశాస్త్రం వాళ్ళమని తెలిసి, పైపైన చెప్పి ముగించబోయారు. అప్పుడు నా పక్క నుంచి ఆమె లేచి నిలబడింది. సార్, ఇది ఎందుకట్ల వస్తది అని అడిగింది. ఆయన చెప్పారు. ఆమె కూర్చోలేదు. మరొకటి అడిగింది. దానికి వచ్చిన జవాబులోంచి ఇంకొకటి అడిగింది. సారు ముగించే ప్రయత్నం మానుకొని కుర్చీ లాక్కొని కూర్చున్నారు. వృక్షశాస్త్రం తరగతిలో, జంతుశాస్త్రం తరగతిలో, రెండేళ్ళపాటు ఆమె ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆమె గొంతు తరగతి గదిలో అట్లా ఉంటుందని నాకు ఆ రోజు దాకా తెలియదు. నేను తల వంచుకొని, ఆమె అడుగుతున్నవన్నీ ఒక్కటీ వదలకుండా రాసుకుంటూ కూర్చున్నాను.